కీటోనుల పరీక్ష: ప్రయోగశాల నుండి పెంపుడు పిల్లి వరకు

మా కళాశాలలో చదివి వెళ్ళిన విద్యార్థి ఒకడు క్రిందటి సంవత్సరము ఒక సాయంకాలము మా యింటికి వచ్చి, తన ఫోనులోని ఛాయాచిత్రమొకటి చూపెను. సన్నని ప్లాస్టిక్ పట్టీ. దాని కొనయందు చిన్న చతురస్రము. అది ముదురు ఊదారంగులో నుండెను. "మాస్టారూ, ఇది మీరు మాచేత చేయించిన రొథెరా పరీక్షే కదా?" అని అడిగెను. అవునంటిని. అది వారింటి పిల్లి మూత్రములో ముంచిన పట్టీ. ఆ పిల్లికి మధుమేహము. రెండు దినములుగా తిండి ముట్టుట లేదు. పశువైద్యుని వద్దకు ఇప్పుడే పోవలెనా, తెల్లవారువరకు ఆగవచ్చునా అన్నది ఇంటివారి సందేహము. నేను వైద్యుడను కాను. అయినను ఆ రంగునకు అర్థము తెలిసినవాడను గనుక, "ఆగవద్దు, వెంటనే తీసుకొని పో" అంటిని.

పరీక్షనాళికలో ఊదారంగు వలయము వచ్చినదని రికార్డు పుస్తకములో వ్రాసి మార్కులు పొందిన విద్యార్థులు మన రాష్ట్రములలో వేలమంది యుందురు. ఆ రంగు ఎచ్చటనుండి వచ్చినదో, ఎవరి ప్రాణము కొరకు వచ్చినదో తెలిసినవారు తక్కువ. మధుమేహములో చక్కెర ఒకటి, కీటోనులు వేరొకటి. మొదటిది వ్యాధి యున్నదని చెప్పును. రెండవది ప్రమాదము గుమ్మము దాటి లోపలికి వచ్చినదని చెప్పును. ఈ రెండింటిని విడదీసి కొలుచుట నేర్చుకొనుటకు వైద్యశాస్త్రమునకు రెండువందల సంవత్సరములకు పైగా పట్టినది. ఆ చరిత్రను ఇచ్చట సంగ్రహముగా తెలిసికొందము.

తేనె మూత్రము

మధుమేహమను పేరులోనే ఒక పరిశీలన ఇమిడియున్నది. మధువనగా తేనె. రోగి మూత్రమునకు చీమలు చేరుటను మన ప్రాచీన ఆయుర్వేద గ్రంథకర్తలు గుర్తించిరి. ఐరోపాలో 1674లో థామస్ విల్లిస్ అను ఆంగ్ల వైద్యుడు, ఈ మూత్రము తేనెయో చక్కెరయో కలిపినట్లు తీయగా నుండునని వ్రాసెను. 1776లో లివర్‌పూలు నగరపు వైద్యుడు మాథ్యూ డాబ్సన్ రుచితో తృప్తిపడక, మూత్రమును కాచి ఇగిర్చి చూచెను. అడుగున తెల్లని ముద్ద మిగిలెను. దాని వాసన, రుచి చక్కెరవలెనే యుండెను. రోగి రక్తపు సీరము కూడ తియ్యగా నున్నదని గమనించి, చక్కెర మూత్రపిండములలో పుట్టుట లేదనియు, రక్తమునుండియే వచ్చుచున్నదనియు ఆయన ఊహించెను. 1815లో ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు షెవ్రెల్ ఈ చక్కెర ద్రాక్షపండ్లలో నుండు చక్కెరయేనని, అనగా గ్లూకోజేనని తేల్చెను.

వాసన నుండి రంగునకు

చక్కెర సంగతి తెలిసినను మరణము సంగతి తెలియలేదు. కొందరు రోగులు ఉన్నట్టుండి వాంతులు చేసికొని, మగతలో పడి, స్మృతి తప్పి మరణించుచుండిరి. వారి ఊపిరి మిగుల మగ్గిన పండువలె వాసన వేయుచుండెను. 1857లో ప్రాగ్ నగరమున పెట్టర్స్ అను వైద్యుడు మధుమేహ రోగి మూత్రములో అసిటోను కలదని కనుగొనెను. 1865లో గెర్హార్ట్ అట్టి మూత్రములో ఫెర్రిక్ క్లోరైడు ద్రావణమును చేర్చి, ఎఱ్ఱ ద్రాక్షసారాయము వంటి రంగు వచ్చుటను చూపెను. అంతవరకు వైద్యుని ముక్కుపై ఆధారపడిన రోగనిర్ధారణము అప్పటినుండి కంటికి కనబడు రంగుపై ఆధారపడెను.

1874లో జర్మనీలోని ఫ్రైబుర్గ్ నగరమున అడాల్ఫ్ కుస్‌మౌల్ ఈ రోగుల శ్వాసను శ్రద్ధగా వర్ణించెను. గాలి పోవు మార్గములో అడ్డేమియు లేదు. అయినను రోగి పరుగెత్తి వచ్చినవానివలె పెద్దపెద్ద ఊపిరులు తీయును. దీని కారణము తరువాత తెలిసినది. రక్తములో ఆమ్లము పెరిగినపుడు శరీరము కార్బన్ డయాక్సైడును వీలైనంత బయటికి నెట్టి, ఆ ఆమ్లత్వమును తగ్గించుకొనుటకు పెనగులాడును. ఆ ఆమ్లము ఏది? 1884లో మింకోవ్‌స్కీ, క్యూల్జ్ అను ఇద్దరు జర్మన్ వైద్యులు వేరువేరుగా దానిని పట్టుకొనిరి. అది బీటా-హైడ్రాక్సీబ్యుటిరిక్ ఆమ్లము.

దీనికి ఒక్క సంవత్సరము ముందు, 1883లో, లేగాల్ అను వైద్యుడు క్రొత్త పరీక్షను ప్రకటించెను. మూత్రములో సోడియం నైట్రోప్రుస్సైడును, క్షారమును కలిపినచో కీటోనులున్న యెడల ఎఱ్ఱని రంగు వచ్చును. 1908లో రొథెరా దీనికి అమ్మోనియాను, అమ్మోనియం సల్ఫేటును జోడించి మరింత సున్నితముగా చేసెను. అప్పుడు వచ్చు రంగు ఊదా. మన కళాశాలలలో నేటికిని చేయించునది ఇదియే.

ఇచ్చట విద్యార్థులు గమనింపదగిన విశేషమొకటి కలదు. కీటోనులని మనము వాడుకగా పిలుచు పదార్థములు మూడు: అసిటోఅసిటిక్ ఆమ్లము, అసిటోను, బీటా-హైడ్రాక్సీబ్యుటిరిక్ ఆమ్లము. వీనిలో మూడవదానికి పేరే గాని, కీటోను నిర్మాణము లేదు. కీటోనులకు లక్షణమైన కార్బొనైలు సముదాయ ముండవలసిన చోట దానికి హైడ్రాక్సిలు సముదాయ మున్నది. అందుచే నైట్రోప్రుస్సైడుతో అది రంగు నీయదు. కాని వ్యాధి ముదిరినపుడు రక్తములో అన్నిటికంటె ఎక్కువగా నుండునది ఇదియే! అనగా 1883 నాటి పరీక్ష, 1884లో దొరికిన ముఖ్యమైన ఆమ్లమును చూడజాలదు. చికిత్స జరుగుచున్నపుడు ఈ మూడవ పదార్థము మరల అసిటోఅసిటిక్ ఆమ్లముగా మారును. అప్పుడు రోగి కోలుకొనుచున్నను మూత్రములోని రంగు ముదిరినట్లు కనబడవచ్చును. ఈ లోపము నూరేండ్లకు పైగా వెన్నంటి వచ్చినది.

రెండు ప్రయోగములు

ఇప్పుడు మన దృష్టిని స్ట్రాస్‌బుర్గ్ నగరమునకు మరలింతము. అచ్చట జోసెఫ్ ఫాన్ మేరింగ్ అను వైద్యుడు రెండు ప్రయోగములలో పాలుపంచుకొనెను.

మొదటిది ఫ్లోరిజిన్ ప్రయోగము. ఆపిల్ చెట్టు వేరు బెరడునుండి 1835లో రసాయన శాస్త్రజ్ఞులు తీసిన చేదు పదార్థమునకు ఫ్లోరిజిన్ అని పేరు. 1886లో మేరింగ్ దీనిని కుక్కల కిచ్చి చూడగా, మూత్రములో చక్కెర విస్తారముగా పోయెను. కాని రక్తములో చక్కెర పెరుగలేదు. మూత్రపిండములు చక్కెరను తిరిగి రక్తములోనికి తీసికొనకుండ ఈ మందు ఆపుచున్నదని తరువాతివారు గ్రహించిరి. అప్పటికి ఇదియొక వింతగా మాత్రమే మిగిలెను. పాఠకులు దీనిని జ్ఞాపకముంచుకొందురు గాక. వ్యాసము చివర దీనితో పని యున్నది.

రెండవది 1889లో మింకోవ్‌స్కీతో కలిసి చేసినది. వారు ఒక కుక్క క్లోమమును పూర్తిగా తొలగించిరి. ఇంటి అలవాట్లు నేర్చిన ఆ కుక్క గదిలో మాటిమాటికి మూత్రము విడువసాగెను. మింకోవ్‌స్కీ ఆ మూత్రమును పరీక్షింపగా చక్కెర కనబడెను. మధుమేహమునకును క్లోమమునకును గల సంబంధము ఈ విధముగా స్థిరపడెను.

క్లోమమునుండి వచ్చు ఇన్సులిన్ లేనిచో కణములు చక్కెరను సరిగా వాడుకొనలేవు. అంతకంటె ముఖ్యముగా, క్రొవ్వు నిలువలకు కళ్ళెము పోవును. క్రొవ్వు ఆమ్లములు కాలేయమునకు వెల్లువగా చేరును. అవి రెండేసి కార్బన్ పరమాణువుల ముక్కలుగా తెగునని 1904లో ఫ్రాంజ్ నూప్ కుక్కలపై ప్రయోగముల వలన చూపెను. ఆ ముక్కలు కాలేయము దహింపగలిగినదానికంటె మించినపుడు కీటోనులుగా మారి రక్తములోనికి పోవును. కీటోనులు స్వతహాగా విషములు కావు. దీర్ఘోపవాసములో మెదడు వీనినే ముఖ్యమైన ఇంధనముగా వాడుకొనునని 1967లో అమెరికాలో కాహిల్, ఆయన సహచరులు నిరూపించిరి. ఆరోగ్యవంతునిలో ఆ కొద్దిపాటి ఇన్సులినే వీనిని అదుపులో నుంచును. అది లేనపుడు ఇంధనమే వరదయై ఇంటిని ముంచును.

1922 జనవరిలో టొరాంటోలో 14 ఏండ్ల లియోనార్డ్ థాంప్సన్ అను బాలునకు ఇన్సులిన్ ఇచ్చిరి. అప్పటికి వాని బరువు 30 కిలోలైనను లేదు. 11వ తేదీన ఇచ్చిన మందు శుద్ధమైనది కాదు, ఫలితము స్వల్పము. జేమ్స్ కాలిప్ శుద్ధిచేసిన మందును 23వ తేదీన ఇచ్చిన తరువాత, మూత్రములో చక్కెర దాదాపు మాయమయ్యెను; కీటోనులు కూడ మాయమయ్యెను. ఇన్సులిన్ పనిచేసినదని సాక్ష్యమిచ్చినవానిలో ఆ పాత కీటోను పరీక్ష యొకటి.

ప్రయోగశాల ఇంటికి వచ్చుట

ఇంతవరకు పరీక్షలన్నియు ఆసుపత్రులలోనే జరిగెడివి. అమెరికాలో ఎల్క్‌హార్ట్ అను చిన్న పట్టణమున ఏమ్స్ సంస్థలో పనిచేసిన హెలెన్ ఫ్రీ, ఆల్‌ఫ్రెడ్ ఫ్రీ అను దంపతులు 1956లో మూత్రములో ముంచి తీయు గ్లూకోజు పట్టీని తెచ్చిరి. పరీక్షనాళిక, దీపము, కారకముల సీసాలు అవసరము లేకపోయెను. అన్నియు ఎండిన రూపములో కాగితపు ముక్కకు అంటుకొని యుండెను. కీటోనుల పట్టీ కూడ కొలది కాలములోనే వచ్చెను. దానిలో నున్నది నైట్రోప్రుస్సైడే. అనగా లేగాల్ పరీక్షయే వేషము మార్చుకొని ఇల్లు చేరినది. దాని లోపమును వెంటబెట్టుకొనియే చేరినది.

1970లో అదే సంస్థ రక్తపు చక్కెరను కొలుచు యంత్రమును విక్రయించెను. అది కిలోకు పైగా బరువుండి వైద్యులకొరకే ఉద్దేశింపబడినది. క్రమముగా అది అరచేతిలో ఇమిడినది. 1990 దశకపు చివర, ఒక రక్తపు బొట్టులో బీటా-హైడ్రాక్సీబ్యుటిరిక్ ఆమ్లమును నేరుగా కొలుచు ఇంటి యంత్రములు వచ్చెను. 1884లో పట్టుబడిన ముద్దాయిని ఇంటిలో గుర్తించు సాధనము అప్పటికి గాని లభింపలేదు.

పిల్లి సంగతి

ఈ చరిత్రలో కుక్కలు ప్రయోగమునకు పనికివచ్చినవి. పిల్లి ఫలితము ననుభవించినది. అయితే పిల్లి కూడ శాస్త్రమునకు కొంత ఇచ్చినది. 1987లో స్వీడనులోని ఉప్సాలాలో వెస్టర్‌మార్క్, ఆయన సహచరులు మధుమేహము గల పిల్లుల క్లోమములో పేరుకొనిన పదార్థమును పరిశీలించి, అది మనుష్యుల క్లోమములో పేరుకొను పదార్థమునకు మూలమైన ప్రోటీనునుండియే వచ్చుచున్నదని కనుగొనిరి. పిల్లికి వచ్చు మధుమేహము సాధారణముగా మనుష్యులలోని రెండవ రకమును పోలియుండును. ఇంటిలోనే యుండి బరువెక్కిన పిల్లులకు, అందును గర్భనిరోధక శస్త్రచికిత్స జరిగిన మగపిల్లులకు ఎక్కువగా వచ్చును. పిల్లి నీరు మిక్కిలి త్రాగును, ఇసుక పళ్ళెము త్వరగా తడిసిపోవును, తిన్నను చిక్కిపోవును. కొన్ని పిల్లులు నరములు చెడుటచే వెనుక కాళ్ళ మడమలు నేలకాన్చి నడచును.

పిల్లి తన బాధను చెప్పదు. వైద్యశాలకు తీసికొనిపోయినచో భయముచేతనే దాని రక్తములో చక్కెర పెరుగును. కావున ఇంటిలో కొలిచిన కొలతకే విలువ ఎక్కువ. 2000 తరువాతి తొలి సంవత్సరములలో జ్యూరిక్ పశువైద్యులు ఈ పనిని యజమానులకు నేర్పి ఫలితములు ప్రకటించిరి. చెవి అంచున గుచ్చి ఒక బొట్టు తీయుటయే దాని పద్ధతి. 2009లో రూంప్, రాండ్ అను పరిశోధకులు జర్మన్ భాషీయులైన యజమానులు ఇంటిలోనే కొలిచి, గ్లార్జిన్ అను ఇన్సులిన్ ఇచ్చిన 55 పిల్లుల వివరములు ప్రచురించిరి. వానిలో 64 శాతమునకు కొంతకాలమునకు ఇన్సులిన్ అవసరమే లేకపోయెను. రోగము తెలిసిన 6 నెలలలోగా ఈ పద్ధతి ప్రారంభించినవానిలో అది 84 శాతము; ఆలస్యము చేసినవానిలో 35 శాతము. ఇవి మిగుల శ్రద్ధగల యజమానుల పిల్లులని మరువరాదు. అయినను సకాలములో చేసిన కొలత విలువ ఎంతటిదో ఈ అంకెలు తెలుపుచున్నవి.

ఇంటిలో చేయవలసిన పని ప్రతిదినము ఒకే తీరున నుండును. వైద్యుడు చెప్పిన మోతాదులో ఇన్సులిన్ సాధారణముగా 12 గంటల కొకసారి. మాంసకృత్తులు ఎక్కువగాను, పిండిపదార్థములు తక్కువగాను ఉన్న తిండి. తిన్నది, త్రాగినది, బరువు, చక్కెర కొలత – అన్నియు ఒక పుస్తకములో వ్రాయవలెను. మనుష్యులకొరకు చేసిన గ్లూకోజు యంత్రము పిల్లి రక్తములో చక్కెరను తరచు తక్కువగా చూపును. పిల్లులకు సరిచూచిన యంత్రము మేలు.

సిరంజి విషయమున మరొక జాగ్రత్త కలదు. మన దేశములో ఇన్సులిన్ ముఖ్యముగా రెండు గాఢతలలో దొరకును: ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు, 100 యూనిట్లు. 40 గుర్తుగల సిరంజిలో 2 యూనిట్ల గీతవరకు నింపినచో 0.05 మిల్లీలీటరు వచ్చును. పొరపాటున అందులో 100 యూనిట్ల మందు నింపినచో పిల్లికి చేరునవి 5 యూనిట్లు. ఉపాధ్యాయులు నిష్పత్తుల పాఠములో ఈ లెక్కను ఇయ్యవచ్చును.

కీటోనులు ఎప్పుడు చూడవలెను? పిల్లి తినకున్నను, వాంతి చేసికొన్నను, మందకొడిగా నున్నను, చక్కెర వదలక ఎక్కువగా నున్నను చూడవలెను. నీరు పీల్చని గుళికలను ఇసుకకు బదులు పళ్ళెములో పోసి మూత్రమును పట్టవచ్చును. మూత్రము విడుచునపుడు గరిటె యొడ్డియు పట్టవచ్చును. పట్టీని ముంచి తీసి, సీసాపై వ్రాసిన సమయమునకే చూడవలెను. కీటోను పట్టీకి సామాన్యముగా 15 సెకనులు. ఆలస్యముగా చూచిన రంగు నమ్మదగదు. సీసా మూత వెంటనే బిగింపనిచో మన వానకాలపు తేమకు పట్టీలు చెడిపోవును. రక్తములో కొలుచు యంత్రమైనచో, లీటరుకు సుమారు 2.4 మిల్లీమోలులు దాటుట ఆమ్లప్రమాదమునకు సూచన యని పశువైద్యులు భావింతురు. కాని పిల్లి తినక, నీరసించియున్నపుడు పట్టీ ఏ కొంచెము రంగు చూపినను వైద్యునికి అదేదినము చూపవలెను. దానికి కావలసిన సెలైను, పొటాషియం, ఇన్సులిన్ చికిత్స ఇంటిలో జరుగునది కాదు.

తినని పిల్లి విషయమున యజమానికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. తినకుండ పూర్తి మోతాదు ఇచ్చినచో చక్కెర పడిపోయి ప్రాణాపాయము కలుగవచ్చును. భయపడి ఇన్సులిన్ పూర్తిగా మానినచో కీటోనులు పెరుగును. పైగా దినముల తరబడి తినని పిల్లికి కాలేయములో క్రొవ్వు చేరి మరొక ప్రాణాంతక వ్యాధి పుట్టును. కావున అట్టి దినమున ఎంత ఇయ్యవలెనో వైద్యునినుండి ముందుగానే వ్రాయించుకొని యుంచవలెను. చక్కెర పడిపోయి పిల్లి తూలుచున్నచో చిగుళ్ళకు కొంచెము తేనె పూసి వైద్యుని వద్దకు పరుగెత్తవలెను. ఏ తేనె పేరు ఈ రోగమునకు వచ్చినదో, ఆ తేనెయే అప్పుడు ప్రథమ చికిత్స.

బెరడు మరల వచ్చినది

ఫ్లోరిజిన్ వింత నూరేండ్ల తరువాత మందైనది. మూత్రపిండములు చక్కెరను తిరిగి పీల్చుకొనకుండ ఆపు క్రొత్త మందులు ఆ పదార్థమును ఆధారముగా గొని తయారైనవి. పిల్లులకు నోటిద్వారా ఇచ్చు బెక్సాగ్లిఫ్లోజిన్‌ను 2022 డిసెంబరులోను, వెలాగ్లిఫ్లోజిన్‌ను 2023 ఆగస్టులోను అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ ఆమోదించినది. సూదికి భయపడు యజమానులకు ఇది గొప్ప సౌకర్యము. కాని ఈ మందులు అంతకుముందు ఇన్సులిన్ వాడని, ఇతర వ్యాధులు లేని పిల్లులకే ఉద్దేశింపబడినవి. కారణమేమనగా, చక్కెర మూత్రములో వెడలిపోవుటచే రక్తములో అది సరిగానే యుండును. ఇన్సులిన్ చాలనిచో కీటోనులు మాత్రము లోలోపల పెరుగును. గ్లూకోజు యంత్రము "అంతయు బాగున్నది" అనుచుండగా పిల్లి ఆమ్లప్రమాదములో పడవచ్చును. మేరింగ్ 1886లో చూచినట్లే, రక్తములోని చక్కెర ఒక్కటే కథ మొత్తము చెప్పదు. అందుచే ఈ మందులు వాడునపుడు కీటోనుల కొలత మునుపటికంటె ముఖ్యమైనది.

మా విద్యార్థి యింటి పిల్లి నాలుగు దినములు వైద్యశాలలో నుండి ఇల్లు చేరినది. రెండవ దినమున మూత్రపు పట్టీ ఇంకను ఊదాగానే యున్నదని అతడు ఆందోళనతో ఫోను చేసెను. రక్తములో కొలిచి చూచిన పశువైద్యుడు కీటోనులు తగ్గుచున్నవని చెప్పెనట. 1883 పరీక్షకును 1884 ఆమ్లమునకును గల తగవు అతనికి అప్పుడు బోధపడినది. ఇప్పుడు ఆ యింట ఒక నోటు పుస్తకము, గడియారము, పట్టీల సీసా ఒకేచోట నుండును.

ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే. ప్రయోగశాలలో విద్యార్థి "రంగు వచ్చినది" అని చెప్పినపుడు అక్కడితో ఆపవద్దు. ఆ రంగు దేనికి వచ్చినది, దేనికి రాదు, రానిది లేనట్లేనా అని కూడ అడుగుడు. ఆ ప్రశ్నలకు జవాబు నేర్చినవాడు ఏదోయొక రాత్రి తన యింట నోరులేని ప్రాణికి అక్కరకు వచ్చును.